కౌంట్లు పడిపోయినవాళ్లకి ఎక్స్‌రే చాలదు

కీమో వార్డులో కేస్‌షీట్లు తిరగేస్తే ఒక మాట పదేపదే కనిపిస్తుంది: ‘చెస్ట్ ఎక్స్‌రే క్లియర్’. మూడో రోజు జ్వరం, యాంటీబయాటిక్ మార్చారు, ఎక్స్‌రే క్లియర్. ఐదో రోజు జ్వరం 102, ఎక్స్‌రే క్లియర్. ఆ మాట విని ఇంటివాళ్లు కాస్త కుదుటపడతారు. ‘ఊపిరితిత్తులకేం కాలేదంట’ అని ఊళ్లోవాళ్లకి ఫోన్ చేసి చెబుతారు. డ్యూటీ డాక్టరు కూడా ఊపిరితిత్తుల సంగతి పక్కనపెట్టి రక్తం కల్చర్లు, మూత్రం కల్చర్ల వెంట పడతాడు.

నేను రేడియాలజిస్టుని. ఎక్స్‌రేలు, సీటీలు చదవడమే నా రోజువారీ పని. ఇక్కడ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. తెల్లకణాలు పడిపోయిన మనిషికి మంచి యాంటీబయాటిక్ రెండు మూడు రోజులు పడ్డాక కూడా జ్వరం దిగకపోతే, ఎక్స్‌రే ఎంత శుభ్రంగా ఉన్నా సరే, ఛాతీకి లో డోస్ సీటీ, అంటే తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ, తీయాలి. వారం ఆగి కాదు, అప్పుడే. ఆ సీటీ అడిగే చీటీ మీద ఆ మనిషి ఒంట్లో కౌంట్లు, అంటే తెల్లకణాల లెక్క, ఎంతున్నాయో రాయాలి. ఈ రెండూ మన ఆస్పత్రుల్లో జరగాల్సినంత జరగడం లేదు.

ముందు ఎక్స్‌రే ఎందుకు మోసం చేస్తుందో చెప్పాలి. మామూలు మనిషికి నెమ్ము చేస్తే ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే మచ్చలో ఎక్కువ భాగం మన ఒంటి పనే. సూక్ష్మజీవి చేరిన చోటికి తెల్లకణాలు గుంపుగా వెళ్తాయి, గాలి ఉండాల్సిన చిన్న చిన్న గదుల్లో ద్రవం, చీము నిండుతాయి. గాలి పోయి నీరు చేరిన చోటు ఫిల్ముమీద తెల్లబడుతుంది. రక్తంలో ఒక మైక్రోలీటరుకి రెండు వేలకి పైన ఉండాల్సిన న్యూట్రోఫిల్స్ (ముందుగా పోరాడే తెల్లకణాలు) ఐదొందలకి దిగితేనే ప్రమాదం. బ్లడ్ క్యాన్సర్‌కి మొదటి విడత గట్టి కీమో ఇచ్చినప్పుడు అవి వంద కూడా లేకుండా రెండు మూడు వారాలు గడిచిపోతాయి. అప్పుడు చీము పట్టదు, కళ్లె పడదు, దగ్గు కూడా రాకపోవచ్చు. స్టెరాయిడ్లు కూడా వాడుతుంటే జ్వరమే సరిగా పైకి తేలదు. లోపల ఫంగస్ కణజాలాన్ని తినేస్తున్నా ఎక్స్‌రేలో మచ్చ పడటానికి కావలసిన సరుకు ఒంట్లో ఉండదు.

దానికి తోడు ఎక్స్‌రే అంటే ఛాతీలో ఉన్నవన్నీ ఒకదానిమీద ఒకటి పడిన నీడ. గుండె వెనక ఎంత ఊపిరితిత్తి ఉందో, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ గుమ్మటం చాటున ఎంత ఉందో బయటివాళ్లకి చెబితే నమ్మరు. వార్డులో మంచం మీదనే పడుకోబెట్టి పోర్టబుల్ మెషీన్‌తో తీసిన ఫిల్ము అయితే ఇంకా కష్టం. రోగి పూర్తిగా గాలి పీల్చలేడు, భుజాల ఎముకలు ఊపిరితిత్తుల మీదికి వస్తాయి, సెంటీమీటరు గడ్డ ఒక పక్కటెముక వెనక హాయిగా దాక్కుంటుంది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 1999లో జర్మనీకి చెందిన హాయిసెల్ బృందం ఈ ప్రశ్ననే పట్టుకుంది. కౌంట్లు పడిపోయి, 48 గంటలకి పైగా యాంటీబయాటిక్ వాడినా జ్వరం తగ్గక, ఎక్స్‌రే మాత్రం మామూలుగా ఉన్నవాళ్లకి సీటీ తీశారు. మొత్తం 188 సీటీల్లో 112 చోట్ల నిమోనియా కనిపించింది. అంటే నూటికి అరవై. ఎక్స్‌రే మీదే ఆధారపడి ఉంటే పట్టే సమయంతో పోలిస్తే దాదాపు ఐదు రోజులు ముందే సంగతి తెలిసింది. తెల్లకణాలు లేని మనిషికి ఐదు రోజులంటే ఏమిటో ఆ వార్డులో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఆ అరవైలో మేం అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్‌కి. ఇది కొత్తదీ కాదు, అరుదైనదీ కాదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, గోడలు పగలగొట్టేటప్పుడు లేచే దుమ్ములో ఉంటుంది. దాని బీజాలు రెండు మూడు మైక్రాన్లే. మనం అందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, మన తెల్లకణాలు వాటిని ఎప్పటికప్పుడు చంపేస్తుంటాయి. ఆ కాపలా లేనివాళ్లలో బీజం మొలకెత్తి దారాలు సాగి, నేరుగా రక్తనాళాల గోడల్లోకి చొరబడుతుంది. నాళం మూసుకుపోయి అవతల కణజాలం చచ్చిపోతుంది, చుట్టూ కొంచెం రక్తం ఊరుతుంది. సీటీలో ఇది మధ్యన గట్టి తెల్లటి గడ్డగా, దాని చుట్టూ పలచటి బూడిదరంగు వలయంగా కనిపిస్తుంది. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. దాన్నే హేలో సైన్ అంటాం. లుకేమియా రోగుల్లో దీన్ని 1985లోనే వర్ణించారు.

చిక్కేమిటంటే ఆ వలయం ఎక్కువ రోజులు ఉండదు. ఫ్రాన్స్‌లో డిజాన్ నగరానికి చెందిన కయో బృందం 2001లో ఒక పని చేసింది. ఈ జబ్బున్న 25 మందికి మొదటి రోజు, తర్వాత మళ్లీ మళ్లీ సీటీలు తీసి పోల్చింది. మొదటి రోజు 25 మందిలో 24 మందికి వలయం ఉంది. మూడో రోజుకి 68 శాతం మందిలోనే ఉంది. ఏడో రోజుకి 22 శాతం. ఆ తర్వాత మిగిలేది ఏ నిమోనియాకైనా ఉండే మామూలు తెల్లమచ్చ. వారం ఆగి సీటీ తీస్తే తీసినట్టే ఉంటుంది గానీ, ఆ సీటీ చెప్పగలిగిన ముఖ్యమైన సంగతి అప్పటికి చెరిగిపోయి ఉంటుంది. అదే బృందం 1997లో ఇంకో లెక్క చూపించింది: జ్వరం తగ్గని ప్రతివాళ్లకీ సీటీ తీయడం పద్ధతిగా పెట్టుకున్నాక, జబ్బు తేల్చడానికి సగటున ఏడు రోజులు పట్టేది రెండు రోజులకి దిగింది. 2007లో గ్రీన్ బృందం 235 మంది సీటీలు పరిశీలించింది. హేలో ఉన్న దశలో మందు మొదలుపెట్టినవాళ్లలో 71 శాతం మంది 12 వారాల తర్వాత బతికి ఉన్నారు. లేనివాళ్లలో 53 శాతం. వలయం ఉండటం వల్లే బతికారని కాదు, వలయం ఉన్నప్పుడంటే జబ్బు ఇంకా మొదట్లో ఉందని అర్థం.

మా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు వదిలేస్తున్నాను. ఇంటర్ వయసు, బ్లడ్ క్యాన్సర్. వేరే ఆస్పత్రిలో కీమో అవుతోంది, సీటీ కోసం మా దగ్గరికి పంపారు. చీటీ మీద రెండే మాటలు: ‘జ్వరం. నిమోనియా?’ తల్లి వీల్‌చైర్ తోసుకుంటూ వచ్చింది. పిల్లాడి మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. మా కారిడార్‌లో అప్పటికి బెంచీ నిండా జనం ఉన్నారు, ఇద్దరు ఆపకుండా దగ్గుతున్నారు. ముందు వాణ్ణి లోపలికి తీసుకురమ్మన్నాను. తల్లి అడిగింది: “ఎక్స్‌రే బానే ఉందన్నారు గదా డాక్టరమ్మా, మళ్లీ ఈ పెద్ద స్కానింగెందుకు?” ఆమె దగ్గర ఎక్స్‌రే కవరు ఉంది. బయటికి తీసి కిటికీ వెలుతురుకి పట్టి చూపించింది కూడా. నిజంగానే బానే ఉంది.

వార్డుకి ఫోన్ చేశాను. “కౌంట్లెంత?” అంటే ఆ జూనియర్ అమ్మాయి వెతికి చెప్పింది: “టోటల్ మూడొందలు మేడమ్.” “కీమో మొదలై ఎన్నాళ్లయింది?” “రెండు వారాలు దాటింది మేడమ్.” “ఫంగస్‌కి ముందుజాగ్రత్త మందు ఏమన్నా నడుస్తోందా?” “ఫ్లూకొనజోల్ మేడమ్.” ఫ్లూకొనజోల్ ఆస్పర్‌జిల్లస్ మీద పనిచేయదు. ఈ మూడు జవాబులతో నేను చూడబోయే బొమ్మకి అర్థం మారిపోయింది. ఇవన్నీ చీటీ మీద రాయడానికి ఒక నిమిషం కూడా పట్టదు.

స్కాన్‌కి పట్టింది పది సెకన్లు. సూది లేదు, కాంట్రాస్ట్ మందు లేదు. ఊపిరి బిగబట్టమంటే వాడు కష్టం మీద బిగబట్టాడు. స్క్రీన్ మీద మిల్లీమీటరు మందం ముక్కలుగా పైనుంచి కిందికి జరుపుకుంటూ వచ్చాను. కుడివైపు పైభాగంలో వెనకగా ఒక గడ్డ, 14 మిల్లీమీటర్లు, చుట్టూ వలయం. గుండె వెనక ఎడమవైపు ఇంకొకటి, దానికన్నా చిన్నది. ఆ రెండోది ఏ ఎక్స్‌రేలోనూ కనపడే చోటు కాదు. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా వార్డుకి మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. రక్తంలో ఆస్పర్‌జిల్లస్ జాడ చెప్పే గ్యాలాక్టోమానన్ పరీక్షకి పంపి, ఆ సాయంత్రమే ఆ ఫంగస్ మీద పనిచేసే వొరికొనజోల్ ఎక్కించడం మొదలుపెట్టారు.

వారం తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ పెద్దదైంది. ఇక్కడ చాలామంది కంగారుపడతారు, డాక్టర్లతో సహా. కానీ కయో బృందం లెక్కల్లో మందు బాగా పనిచేస్తున్నవాళ్లలో కూడా మొదటి వారంలో మచ్చల పరిమాణం దాదాపు నాలుగు రెట్లు పెరిగింది, రెండో వారంలో నిలకడగా ఉండిపోయింది. కౌంట్లు తిరిగి లేచేటప్పుడు తెల్లకణాలు అక్కడికి చేరి చచ్చిన ముక్కని విడదీస్తాయి, గడ్డకీ గోడకీ మధ్య నెలవంక ఆకారంలో గాలి కనిపిస్తుంది. ఆ పిల్లాడికి కూడా అలాగే కనిపించింది. చూడటానికి భయంగా ఉండే ఆ బొమ్మ మాకు చాలాసార్లు మంచి కబురే. ఆ దశలో రక్తం పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి కనిపెట్టుకుని మాత్రం ఉండాలి. ‘సైజు పెరిగింది, మందు పనిచేయడం లేదు’ అని తొందరపడి మందు మార్చే ముందు కౌంట్లు, జ్వరం, ఆక్సిజన్ చూడాలి.

చీటీ గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణముంది. సీటీ నీడని చూపిస్తుంది, సూక్ష్మజీవి పేరు చెప్పదు. ఒకే నీడకి మనిషిని బట్టి అర్థం మారుతుంది. రెండు ఊపిరితిత్తుల్లోనూ మసకమసకగా, మధ్యభాగంలో ఎక్కువగా, అంచులు వదిలేసి పరుచుకున్న నీడ ఒకటి ఉందనుకోండి. సీడీ4 (హెచ్‌ఐవీ దెబ్బతీసే ఒక రకం తెల్లకణాలు) కౌంటు 200 లోపున్న హెచ్‌ఐవీ రోగిలో అయితే నా మొదటి అనుమానం న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ నిమోనియా. 1981 జూన్ 5న లాస్ ఏంజెలస్‌లో ఐదుగురు యువకుల్లో ఈ నిమోనియా కనిపించిందన్న చిన్న నివేదికతోనే ఎయిడ్స్ అనే జబ్బు ప్రపంచానికి తెలిసింది. అందులో కూడా ఎక్స్‌రే మొదట్లో మామూలుగా ఉండొచ్చు. కానీ మంచి సీటీలో మసక ఏమీ లేదంటే ఆ జబ్బు దాదాపు లేనట్టే. అదే నీడ కిడ్నీ మార్పిడి అయినవాళ్లలో ఉంటే సైటోమెగలో వైరస్ కూడా లెక్కలోకి వస్తుంది. కీమో రోగిలో మందు పడక వచ్చిన వాపు కావచ్చు, ప్లేట్‌లెట్లు తక్కువై ఊరిన రక్తం కావచ్చు, ఎక్కువ సెలైన్ల వల్ల చేరిన నీరు కావచ్చు. కీళ్లవాతానికో లూపస్‌కో నెలల తరబడి స్టెరాయిడ్లు మింగుతున్నవాళ్లకి న్యుమోసిస్టిస్ వస్తుందన్న ఆలోచనే చాలా చోట్ల రాదు. చీటీ మీద ‘ఆయాసం’ అని మాత్రం ఉంటే నేను ఈ అరడజను జబ్బుల పేర్లూ వరసగా రాసి పంపడం తప్ప ఏం చేయగలను? అది ఎవరికి ఉపయోగం?

మన దగ్గర టీబీ ఉండనే ఉంది. సినిమాల్లో, ప్రచార పోస్టర్లలో చూపించే పైభాగపు గుంట ఇమ్యూనిటీ ఉన్నవాళ్ల టీబీ. ఆ గుంట కూడా ఒళ్లు పోరాడితేనే పడుతుంది. సీడీ4 బాగా పడిపోయినవాళ్లలో గుంట ఉండదు, పైభాగమే అన్న నియమం ఉండదు, కొందరిలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. సీటీ తీస్తే ఛాతీ మధ్యలో ఉబ్బిన లింఫ్ గ్రంథులు, ఆవాలంత చుక్కలు బయటపడతాయి. షుగర్ అదుపు తప్పినవాళ్లలో, స్టెరాయిడ్లు వాడినవాళ్లలో వచ్చే మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) సంగతి వేరే. ఊపిరితిత్తిలో అది ఒక్కోసారి హేలోకి తలకిందులుగా, మధ్యన మసకగా చుట్టూ గట్టి కట్టుగా కనిపిస్తుంది. దీనికి వొరికొనజోల్ పనిచేయదు, ఆంఫోటెరిసిన్ అనే ఇంకో ఫంగస్ మందు కావాలి. అంటే బొమ్మలో ఆ ఒక్క తేడా మందునే మార్చేస్తుంది.

ఇప్పుడు నాకు ఎదురయ్యే అభ్యంతరాలు. మొదటిది రేడియేషన్. 2021 మేలో, కోవిడ్ రెండో వేవ్‌లో, అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300 నుంచి 400 ఎక్స్‌రేలతో సమానమని అన్నారు. అది పాతకాలపు మెషీన్ల లెక్క అని రేడియాలజిస్టుల జాతీయ సంఘం అప్పుడే ఖండించింది. కానీ మొదటి మాట వెళ్లినంత దూరం రెండో మాట వెళ్లలేదు. ఇప్పటికీ రోగుల ఇంటివాళ్లు ఆ అంకె నాకు అప్పజెబుతారు. ఆయన ఆందోళనలో న్యాయం ఉంది. ఆ రోజుల్లో ఏ లక్షణాలూ లేనివాళ్లు కూడా ‘పాతికకి ఎంత స్కోరు’ అని సీటీ సెంటర్ల ముందు బారులు తీరారు, అది ఆపాల్సిందే. అసలు లెక్క చూస్తే, ఎక్స్‌రేకి సుమారు 0.1 మిల్లీసీవర్ట్, మామూలు ఛాతీ సీటీకి ఆరేడు, లో డోస్ సీటీకి ఒకటిన్నర. ఏ స్కానూ లేకుండా నేల నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్లు ఎలాగూ అందుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కువ కాబట్టి తక్కువ డోస్‌లో కూడా గడ్డలు చక్కగా తెలుస్తాయి. ఈ వారం ప్రాణం మీదికి వచ్చిన మనిషికి ముప్పై ఏళ్ల తర్వాత రేడియేషన్ వల్ల క్యాన్సర్ రావచ్చన్న సంగతి చూపించి ఒక స్కాన్ ఆపడం నాకు అర్థం కాదు. చిన్నపిల్లల విషయంలో, మళ్లీ మళ్లీ తీయాల్సి వచ్చినప్పుడు, ఆ జాగ్రత్త నిజంగా అవసరం. అక్కడ అల్ట్రాసౌండ్, కొన్ని చోట్ల ఎంఆర్‌ఐ సాయపడతాయి.

రెండోది ఖర్చు. సీటీకి కొన్ని వేలు అవుతుంది, నిజమే. ఆలస్యం ఖర్చు కూడా లెక్కేయాలి కదా. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు ఇస్తే 60 కిలోల మనిషికి రోజుకి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు. ఒక్కో వయల్ వేలల్లో. అది వారాల తరబడి. 2021లో బ్లాక్ ఫంగస్ సమయంలో ఆ వయల్స్ కోసం హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి దగ్గర, మందుల షాపుల దగ్గర జనం ఎలా తిరిగారో మనకి గుర్తుంది. ఏ ఆధారమూ లేకుండా గుడ్డిగా వాటిని ఎక్కించడం కన్నా సీటీ చూసి మొదలుపెట్టడం, లేదా శుభ్రమైన సీటీ చూసి ధైర్యంగా ఆగడం చౌక.

మూడోది నా తోటి డాక్టర్లు చెప్పేది, బలమైనది: బొమ్మ చూసి వైద్యం చేస్తారా, పేరు తేల్చకుండా? తేల్చాలి. అంతర్జాతీయ ప్రమాణాల్లో కూడా బలహీనమైన ఇమ్యూనిటీ, సీటీలో గడ్డ రెండూ ఉన్నా, ఫంగస్ జాడ పరీక్షలో దొరికేదాకా ‘ఉండొచ్చు’ అనే వర్గంలోనే పెడతారు. హేలో ఆస్పర్‌జిల్లస్ సొత్తేమీ కాదు, మ్యూకర్‌లో రావచ్చు, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాతో కూడా రావచ్చు. అందుకే బ్రాంకోస్కోపీ, అంటే ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి శాంపిల్ తీయడం, అక్కర్లేదని నేను అనడం లేదు. ఆయాసపడుతూ, ప్లేట్‌లెట్లు 20 వేలు కూడా లేని మనిషికి గొట్టం వేయాలా, ఏ భాగంలో నీళ్లు పోసి తీయాలి, సూది గుచ్చితే రక్తనాళానికి ఎంత దూరం అన్నవి నిర్ణయించడానికి ముందు సీటీ చేతిలో ఉండాలి. కొందరికి గొట్టం వేసే స్థితే ఉండదు, అప్పుడు రక్తపరీక్షలు, ఈ బొమ్మ తప్ప ఇంకో దారి లేదు. బొమ్మ వచ్చిందని శాంపిల్ మానేయకూడదు, శాంపిల్ వీలుకాదని బొమ్మ ఆలస్యం చేయకూడదు.

బొమ్మే పేరు కూడా చెప్పే రోజు వస్తుందేమో. ఇప్పటి పెట్ స్కాన్‌లో చక్కెర లాంటి పదార్థం వాడతారు, అది క్యాన్సర్‌నీ ఇన్ఫెక్షన్‌నీ ఒకేలా వెలిగిస్తుంది. ఇంగ్లండ్ ఎక్సెటర్ యూనివర్సిటీలో తయారైన జేఎఫ్5 అనే యాంటీబాడీ ఎదుగుతున్న ఆస్పర్‌జిల్లస్‌కే అతుక్కుంటుంది. దానికి రేడియోధార్మిక రాగి తగిలించి జర్మన్ పరిశోధకులతో కలిసి ఎలుకల ఊపిరితిత్తుల్లో ఫంగస్‌ని చూపించారు, 2016లో ప్రచురించారు. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ వాళ్లు ఫంగస్ ఇనుము కోసం విడుదల చేసే అణువులకి గాలియం తగిలిస్తున్నారు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ బృందం కొన్ని బ్యాక్టీరియాలు మాత్రమే తినే సార్బిటాల్‌ని వాడుతోంది. ఇవి చదువుతుంటే నాకు చాలా ఉత్సాహంగా ఉంటుంది. కానీ మన జిల్లా కేంద్రాల్లో ఇప్పటికే ఉన్న సీటీ మెషీన్‌ని మూడో రోజు వాడకుండా పదో రోజు వాడుతున్నాం. ముందు దిద్దుకోవాల్సింది అది.

కాబట్టి కీమో ఇచ్చే ప్రతి చోటా వార్డు గోడమీద ఒక రూలు ఉండాలని నా కోరిక. కౌంట్లు 500 లోపు, యాంటీబయాటిక్ మొదలై 72 గంటలు, జ్వరం తగ్గలేదు: సీటీ. ఎవరి అనుమతి కోసమూ ఆగే పని ఉండకూడదు. చీటీ మీద న్యూట్రోఫిల్స్ ఎన్ని, కీమో ఎన్నో రోజు, స్టెరాయిడ్ ఎంత, షుగర్ ఎంత, ముందుజాగ్రత్త మందులేమిటి అన్నవి అచ్చువేసి ఖాళీలు వదిలితే జూనియర్లు నింపుతారు. ఈ రోగుల్ని కారిడార్‌లో దగ్గేవాళ్ల పక్కన కూర్చోబెట్టకూడదు. టేబుల్ ఖాళీ అయ్యాక వార్డుకి ఫోన్ చేసి పిలవాలి, మాస్కు సరిగా పెట్టి తీసుకురావాలి. ఆస్పత్రిలో గోడలు పగలగొట్టే పని నడుస్తుంటే ఆ దారిలో తీసుకురాకూడదు. ఇవేవీ డబ్బుతో కూడిన పనులు కావు.

ఇంటివాళ్లకి చెప్పేది: ‘ఎక్స్‌రే బానే ఉంది’ అన్నప్పుడు, “సార్, కౌంట్లు లేవు కదా, సీటీ అవసరమా?” అని అడగండి. అడగడం తప్పు కాదు, డాక్టర్లు ఏమీ అనుకోరు. చెన్నైకో బెంగళూరుకో హైదరాబాద్‌కో ఆస్పత్రి మారుతుంటే రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్కాన్ సీడీ అడిగి తీసుకోండి. రిపోర్టులో ‘రెండు గడ్డలు’ అని ఉంటుంది, పక్క ఊరి రేడియాలజిస్టుకి కావాల్సింది ఆ గడ్డలు అప్పుడు ఎంతున్నాయి, చుట్టూ వలయం ఉందా అన్నది. సీడీ మీద తేదీ, ఆ రోజు కౌంటు స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకోండి.